దోసెడు నీళ్లు, పిడికెడు బొగ్గు

అసలు రైలింజన్ కంటే నమూనా రైలింజనే ముందు పుట్టింది. 1784లో ఇంగ్లండ్ నైరుతి కొసన, కార్న్‌వాల్ ప్రాంతంలోని రెడ్రూత్ అనే ఊళ్లో విలియం మర్డాక్ మూడు చక్రాల చిన్న ఆవిరి బండి తయారుచేశాడు. బౌల్టన్-వాట్ కంపెనీ తరఫున అక్కడి గనుల్లో ఆవిరి యంత్రాలు బిగించడం అతని ఉద్యోగం. బండి ఎత్తు మూరెడు కూడా లేదు. స్పిరిట్ దీపం మీద నీళ్లు కాగి, ఆ ఆవిరితో అది తనంతట తాను నడిచింది. ఓ రాత్రి మర్డాక్ దాన్ని చర్చి దారిలో నడిపిస్తుంటే, చీకట్లో బుసలు కొడుతూ వస్తున్న మంటను చూసి అక్కడి చర్చి ఫాదరు దయ్యమనుకుని హడలిపోయాడని ఒక కథ చెబుతారు.

అదే కార్న్‌వాల్‌కు చెందిన రిచర్డ్ ట్రెవితిక్ కూడా ముందు చిన్న నమూనాలే చేశాడు. అతని నమూనా 1797 ప్రాంతంలో తయారైంది. 1804 ఫిబ్రవరి 21న వేల్స్‌లోని పెనిడారెన్ ఇనుప కర్మాగారం పట్టాల మీద అతని పెద్ద ఇంజన్ బరువు లాగేసరికి, దాని బుల్లి పూర్వీకులకు అప్పటికే ఏళ్లు గడిచాయి. మర్డాక్ బండి ఇప్పుడు బర్మింగ్‌హామ్‌లోని థింక్‌ట్యాంక్ మ్యూజియంలో ఉంది. ట్రెవితిక్ నమూనా లండన్ సైన్స్ మ్యూజియంలో ఉంది.

నమూనా ఆవిరి ఇంజన్ల మీద మోజు రెండు శతాబ్దాలుగా తగ్గకపోవడానికి కారణం ఈ పుట్టుకలోనే ఉంది. కరెంటుతో నడిచే బొమ్మ రైలుకు ఆకారం రైలింజన్‌దే అయినా లోపల తిరిగేది మోటారు. ఆవిరి నమూనాలో అలా ఉండదు. నిప్పు నిప్పే, నీళ్లు నీళ్లే, పొంగే ఆవిరి నిజంగా పిస్టన్‌ను తోస్తుంది, పొగగొట్టంలోంచి నిజంగా పొగ వస్తుంది. తెలుగువాళ్లు రైలుకు పెట్టుకున్న పొగబండి అన్న పేరు ఈ చిన్నదానికీ అక్షరాలా సరిపోతుంది. దాన్ని సేకరించేవారు అద్దాల బీరువాలో పెట్టి చూసుకోవడంతో తృప్తిపడలేరు. నడిపితేగాని అది ఇంజన్ అనిపించుకోదు.

పంతొమ్మిదో శతాబ్దం నడుమ ఇంగ్లండ్ దుకాణాల్లోకి వచ్చిన తొలి బొమ్మ ఇంజన్లు ఇత్తడివి. వీటికి పట్టాలుండవు, గచ్చు మీదే పరుగు. ముందు చక్రాలను కాస్త వంకరగా తిప్పి పెడితే గదిలో గుండ్రంగా తిరుగుతాయి. అడుగున స్పిరిట్ దీపం, పైన ఇత్తడి గొట్టం లాంటి బాయిలర్, పక్కన ఊగే సిలిండర్. అతుకుల్లోంచి నీరు, నూనె కారి తివాచీ మీద దారి పొడుగునా చారలు పడేవి. అందుకే వీటికి చొంగ కార్చేవి అనే అర్థం వచ్చేలా ‘డ్రిబ్లర్’ అని పేరు పడింది. బర్మింగ్‌హామ్‌లో ఎక్కువగా తయారయ్యేవి కాబట్టి బర్మింగ్‌హామ్ డ్రిబ్లర్లు అన్నారు. దీపం ఒలికి తివాచీలు కాలిన ఇళ్లూ ఉన్నాయి. అయినా, నిప్పు పెట్టగానే తనంతట తాను పరుగెత్తే వస్తువు ఆ రోజుల్లో ఏ ఇంట్లోనైనా వింతే.

ఊగే సిలిండర్ ఉపాయం ఆగి చూడదగ్గది. పెద్ద ఇంజన్‌లో సిలిండర్‌లోకి ఆవిరిని వదలడానికి, వాడిన ఆవిరిని బయటికి పంపడానికి వేరే కవాటం ఉంటుంది. దాన్ని కదిలించడానికి కడ్డీలు, లింకులు కావాలి. బొమ్మలో ఆ హంగామా లేదు. సిలిండరే ఒక మొల మీద గడియారం లోలకంలా ఊగుతుంది. ఒక వైపు ఒరిగినప్పుడు దాని రంధ్రం ఆవిరి దారికి ఎదురుపడుతుంది, రెండో వైపు ఒరిగినప్పుడు బయటి దారికి ఎదురుపడుతుంది. చక్రానికి తగిలించిన పిస్టన్ కడ్డీయే సిలిండర్‌ను ఊపుతుంది. వేరే భాగం ఒక్కటీ అక్కర్లేదు. చౌక బొమ్మల్లో ఈ పద్ధతి ఇప్పటికీ నడుస్తోంది.

పట్టాలు తెచ్చినవాళ్లు జర్మన్లు. గోపింగెన్ పట్టణంలో 1859లో బొమ్మరిళ్లకు రేకు వంటసామాను తయారుచేస్తూ మొదలైన మార్క్లిన్ కంపెనీ 1891లో లైప్‌జిగ్ సంతలో, పట్టాల మధ్య దూరాన్నిబట్టి అంకెలిచ్చిన గేజ్‌లతో, ఒకదానికొకటి అమరే పట్టాల ముక్కలతో రైలు బొమ్మలను ప్రదర్శనకు పెట్టింది. ఒకసారి ఇంజన్, కాసిని పట్టాలు కొన్నవాళ్లు ప్రతి పండక్కీ ఒక పెట్టె, ఒక మలుపు, ఒక స్టేషన్ చేర్చుకుంటూ పోవచ్చు. ఈ అభిరుచి సేకరణగా మారడానికి ఈ ఆలోచనే పునాది. మరోపక్క న్యూరంబర్గ్ నగరం బొమ్మలకు రాజధానిగా ఉండేది. అక్కడ బింగ్ సోదరుల కర్మాగారం, జార్జ్ కారెట్ కర్మాగారం రేకు ఇంజన్లను వేలల్లో తయారుచేసేవి. తొలినాటి జర్మన్ ఇంజన్లలో పెద్ద పెద్ద చక్రాల మీద ఎత్తుగా నిలబడే రకాన్ని అక్కడివాళ్లు ముద్దుగా ‘కొంగకాళ్ల ఇంజన్’ అంటారు.

ఆ బొమ్మల్లో నిజం ఇంజన్ పోలిక తక్కువ. ఆ లోటు తీర్చినవాడు ఇంగ్లండ్‌లోని నార్తాంప్టన్‌కు చెందిన వెన్‌మన్ జోసెఫ్ బాసెట్-లోక్ (1877–1953). తండ్రిది బాయిలర్లు తయారుచేసే వ్యాపారం. కుర్రవాడు అక్కడే పని నేర్చుకుని, ఇరవై రెండేళ్లు నిండకముందే టపా ద్వారా నమూనా ఇంజన్ల భాగాలు అమ్మడం మొదలుపెట్టాడు. 1900లో పారిస్ ప్రపంచ ప్రదర్శనకు వెళ్లి జర్మన్ కర్మాగారాల పనితనం చూశాడు. స్టెఫాన్ బింగ్‌తో అక్కడ ఒప్పందం కుదిరింది. ఇంగ్లండ్ రైలు కంపెనీల ఇంజన్లను హెన్రీ గ్రీన్‌లీ (1876–1947) కొలతలు వేసి గీయడం, న్యూరంబర్గ్‌లో తయారుచేయడం, నార్తాంప్టన్ నుంచి అమ్మడం. ఊళ్లో స్టేషన్‌కు రోజూ వచ్చే ఇంజనే, అదే రంగుతో, అదే నంబరుతో బల్ల మీదికి దిగింది. కొన్నవాళ్లలో పిల్లలకంటే పెద్దవాళ్లే ఎక్కువ ఉండి ఉంటారనిపిస్తుంది, ఆ ధరలు చూస్తే.

ఈ స్నేహాన్ని యుద్ధం, ఆపై హిట్లర్ పాలన పరీక్షించాయి. మొదటి ప్రపంచ యుద్ధంతో జర్మన్ సరుకు ఆగిపోయింది. ఫ్రెంచి పౌరుడైన కారెట్ న్యూరంబర్గ్‌లో వ్యాపారం మూసుకోవలసి వచ్చింది. బింగ్ కంపెనీ యుద్ధం తర్వాత కోలుకున్నట్టే కోలుకుని 1930ల తొలినాళ్లలో కుప్పకూలింది. బింగ్‌లు యూదులు. హిట్లర్ రోజుల్లో స్టెఫాన్ బింగ్ జర్మనీ విడిచి ఇంగ్లండ్ చేరాడు. పారిస్‌లో కుదిరిన పాత పరిచయం ఆ కష్టకాలంలో అక్కరకొచ్చింది.

అదే కాలంలో ఇంకో పాయ సాగింది. 1898లో పర్సివల్ మార్షల్ లండన్‌లో ‘మోడల్ ఇంజనీర్’ పత్రికను ప్రారంభించాడు. కొనుక్కునే స్తోమత లేనివాళ్లు, కొనడంకంటే చేత్తో చేసుకోవడంలోనే సంతోషం ఉన్నవాళ్లు దాని పాఠకులు. పగలు ఫ్యాక్టరీలోనో ఆఫీసులోనో పనిచేసి, రాత్రి పెరటి షెడ్డులో చిన్న లేత్ దగ్గర నిలబడి, కాలితో తొక్కుతూ చక్రాలు తరిణె పట్టిన మనుషులు వాళ్లు. ఒక ఇంజన్ పూర్తికావడానికి రెండు మూడేళ్లు, ఒక్కోసారి పదేళ్లు పట్టేది.

ఈ పాయలోంచే ఈ అభిరుచి చరిత్రలోకెల్లా పెద్ద తగవు పుట్టింది. గ్రీన్‌లీ లాంటి అనుభవజ్ఞుల మాట ఏమిటంటే, మరీ చిన్న ఇంజన్‌లో బొగ్గు మండదు, అసలు ఇంజన్ తరహా బాయిలర్ పనిచేయదు. బయటినుంచి స్పిరిట్ మంటతో వేడిచేసే నీటిగొట్టాల బాయిలరే గతి. లెక్క చూస్తే వాళ్ల మాటలో బలం ఉంది. ఇంజన్‌ను పన్నెండో వంతుకు కుదిస్తే దాని ఉపరితలం 144వ వంతు అవుతుంది, లోపల పట్టే నీరు మాత్రం 1,728వ వంతుకు పడిపోతుంది. అంటే నీటి పరిమాణంతో పోలిస్తే వేడి జారిపోయే పైపొర పన్నెండు రెట్లు ఎక్కువ. ప్రకృతి కొలబద్దకు లొంగదు. బొగ్గుముక్కను చిన్నది చేయవచ్చు, నిప్పును చిన్నది చేయలేం.

దీనికి ఎదురు నిలిచింది ‘ఎల్.బి.ఎస్.సి.’ అనే కలం పేరు. లండన్–బ్రైటన్–సౌత్‌కోస్ట్ రైల్వే పొడి అక్షరాలవి. ఆ రైల్వేలో ఇంజన్ల దగ్గర పనిచేసి వచ్చిన ఆయనను మిత్రులు కర్లీ లారెన్స్ అనేవారు. రెండున్నర అంగుళాల గేజ్ మీద నడిచే ‘అయేషా’ అనే ఇంజన్ తయారుచేసి, అందులో బొగ్గే మండించి, పెద్ద మనిషిని కూర్చోబెట్టి లాగించాడు. 1922లో ‘మోడల్ ఇంజనీర్’లో ఉత్తరాలతో రాజుకున్న వాదన ఆ పత్రిక 1924 ప్రదర్శనదాకా సాగింది. దాన్ని ‘బాయిలర్ల యుద్ధం’ అంటారు. అయేషా నడకతో గెలుపెవరిదో తేలిపోయింది.

లారెన్స్ కిటుకు కొలబద్దను గుడ్డిగా నమ్మకపోవడంలో ఉంది. పెద్ద బాయిలర్‌లో నిప్పుగది నుంచి పొగగదికి వేడిగాలిని తీసుకెళ్లే గొట్టాలు వందల్లో ఉంటాయి. రెండంగుళాల గొట్టాన్ని పన్నెండో వంతు చేస్తే నాలుగు మిల్లీమీటర్లు. అది బూడిదతో నిమిషాల్లో పూడుకుపోతుంది. కాబట్టి గొట్టాల సంఖ్య బాగా తగ్గించి, ఒక్కోదాన్నీ వెడల్పు చేయాలి. నిప్పుగది అసలు నిష్పత్తికంటే కాస్త ఉదారంగా ఉండాలి. సిలిండర్ నుంచి వచ్చే వాడిన ఆవిరి పొగగొట్టంలోంచి దూసుకుపోతూ నిప్పును ఊదేలా చిమ్మే రంధ్రం తూచినట్టు కుదరాలి. బయటికి అచ్చం పెద్ద ఇంజనే, లోపల మాత్రం తన ఈడుకు తగ్గ లెక్క. ఇవాళ నడుస్తున్న బొగ్గు నమూనాలన్నీ ఈ బాటవే.

1924 నుంచి ఆయన అదే పత్రికలో వారం వారం ఇంజన్ల తయారీ పాఠాలు రాశాడు. మధ్యలో విరామాలున్నా 1967లో చనిపోయేదాకా ఆ పేరు పత్రికకు అంటిపెట్టుకునే ఉంది. తన పటాలను, సూచనలను కలిపి ‘మాటలు, సంగీతం’ అనేవాడు. బడిలో ఇంజనీరింగు చదవని మనిషికి, పక్కన కూర్చుని చెబుతున్న పెద్దాయన మాటలా ఉంటుంది ఆ రాత. మూడున్నర అంగుళాల గేజ్ మీద నడిచే నాలుగు చక్రాల ‘టిచ్’ కొత్తగా మొదలుపెట్టేవారికోసం ఆయన గీసిన ఇంజన్. దాని పటాలు ఇప్పటికీ దొరుకుతాయి, దాన్ని ఇప్పటికీ చేస్తున్నారు. ఈ అభిరుచికి ఎక్కువ మేలు చేసినవాడెవరంటే బాసెట్-లోక్ కన్నా ముందు లారెన్స్ పేరే చెప్పాలి. ఒకరు ఇంజన్లను అమ్మారు, మరొకరు ఇంజన్లు చేయగల మనుషులను తయారుచేశారు.

పట్టాల మధ్య దూరమే ఈ లోకంలో ఇంటిపేరు లాంటిది. 32 మిల్లీమీటర్లది జీరో గేజ్, 45 మిల్లీమీటర్లది ఒకటో గేజ్. ఇవి తోట మూలన వేసుకునే పట్టాలు. ఇంజన్ ముందు పోతుంటే యజమాని వెనక నడుస్తాడు, లేదా రేడియో పరికరంతో దూరంనుంచే అదుపు చేస్తాడు. మూడున్నర అంగుళాలు, అయిదు అంగుళాలు, ఏడుంబావు అంగుళాల గేజ్‌లకు వచ్చేసరికి మనిషి ఎక్కి కూర్చోవచ్చు. అయిదంగుళాల ఇంజన్ తన వెనక బండ్ల మీద అరడజను మందిని లాగుతుందంటే నమ్మబుద్ధి కాదు. కానీ ఇనుప చక్రానికి ఇనుప పట్టా మీద రాపిడి చాలా తక్కువ. ఆ గుణమే రైలు అనే వస్తువునంతటినీ సాధ్యం చేసింది, ఈ చిన్నదానికీ అదే ఆసరా.

భారతదేశానికి ఇందులో ఒక సొంత గేజ్ ఉందని చెప్పవచ్చు. డార్జిలింగ్ కొండ రైలు పట్టాల మధ్య దూరం రెండడుగులు. అడుగుకు 16 మిల్లీమీటర్ల లెక్కన కుదిస్తే అది సరిగ్గా 32 మిల్లీమీటర్లవుతుంది. సన్నగేజ్ అభిమానులు వాడే ఈ 16 మిల్లీమీటర్ల కొలతలో డార్జిలింగ్ బి-క్లాస్ ఇంజన్‌కు ప్రత్యేక స్థానం ఉంది. 1889లో గ్లాస్గోలోని షార్ప్ స్టువర్ట్ కర్మాగారం మొదట తయారుచేసిన ఆ నీలి ఇంజన్‌కు ఇంగ్లండ్‌లోని రౌండ్‌హౌస్ సంస్థ గ్యాస్‌తో నడిచే ఆవిరి నమూనా చేసింది. గ్వాలియర్ జయవిలాస్ మహల్లో భోజనాల బల్ల మీద మద్యం సీసాలు మోసుకుంటూ తిరిగే వెండి రైలు చాలామందికి తెలుసు. అది కరెంటు బండి కాబట్టి ఈ వరసలోకి రాదు.

బొగ్గు ఇంజన్‌ను నడపాలంటే పొద్దున్నే లేవాలి. ముందు కీళ్లన్నిటికీ నూనె. తర్వాత బాయిలర్‌లో నీళ్లు, మట్టం చూపే గాజుగొట్టంలో మూడు వంతులు కనిపించేదాకా. గట్టినీళ్లు పోస్తే లోపల సున్నపు పొర కడుతుంది కాబట్టి చాలామంది వాననీళ్లు పట్టి దాచుకుంటారు. కిరసనాయిల్లో నానబెట్టిన కర్రబొగ్గు ముక్కలు నిప్పుగదిలో పరిచి, అగ్గిపుల్ల గీసి, పొగగొట్టం మీద చిన్న కరెంటు ఫ్యాను బోర్లిస్తారు. ఇంజన్‌లో ఆవిరి పుట్టేదాకా గాలిని లాగేది అదే. కర్రబొగ్గు ఎర్రబడ్డాక శనగగింజంత గనిబొగ్గు ముక్కలు చెంచాడు చెంచాడు చొప్పున వేస్తారు. పావుగంటలో ప్రెషర్ గేజ్ ముల్లు మొలమీదనుంచి కదులుతుంది. చదరపు అంగుళానికి ఇరవై ముప్పై పౌన్ల దగ్గర ఇంజన్ సొంత ఊదుడు గొట్టం తెరిచి ఫ్యాను తీసేస్తారు. ఎనభై పౌన్లకు వచ్చేసరికి లోపలి నీళ్లు 162 డిగ్రీల వేడిమీద ఉంటాయి. సేఫ్టీ వాల్వ్ బుస్సుమంటుంది.

సిలిండర్‌కు ఆవిరిని వదిలే రెగ్యులేటర్ మొదట తెరిచినప్పుడు బండి కదలదు. చల్లటి సిలిండర్‌లో ఆవిరి నీరైపోతుంది, కింది మరల్లోంచి మరుగునీళ్లు చిమ్ముతాయి. నాలుగైదుసార్లు ముందుకీ వెనక్కీ ఊగాక సిలిండర్ వేడెక్కి, నీటి తుంపర్లు తగ్గి, పొగగొట్టంలోంచి శుభ్రమైన ‘ఛఫ్’ వినిపిస్తుంది. అక్కణ్నుంచి డ్రైవరుకు మూడు కళ్లు కావాలి: ఒకటి నిప్పు మీద, ఒకటి నీటిమట్టం మీద, ఒకటి ముందున్న పట్టాల మీద. చిన్న బాయిలర్‌లో నీళ్లు చకచకా తగ్గిపోతాయి. ఇరుసుకు తగిలించిన పంపు తోడిపోస్తూనే ఉన్నా, ఎక్కువ పోస్తే ఆవిరి చల్లబడి బండి ఎక్కుడులో ఆగిపోతుంది. పెద్ద రైలు డ్రైవరు, ఫైర్‌మన్ ఇద్దరూ పడే పాట్లు ఇక్కడ ఒక్కడే పడాలి.

సిలిండర్‌కు నూనె అందే తీరు ఈ యంత్రంలో అన్నిటికంటే ముచ్చటైనది. ఇంజన్‌లో ఒక చిన్న నూనె గిన్నె ఉంటుంది. ఆవిరి గొట్టంతో దానికి సూదిబెజ్జమంత సంబంధం. ఆ బెజ్జంలోంచి కాస్త ఆవిరి గిన్నెలోకి చేరి, చల్లబడి నీటిచుక్కవుతుంది. నూనెకంటే నీరు బరువు కాబట్టి చుక్క అడుక్కి దిగుతుంది, అంతే నూనె పైకి లేచి బెజ్జంలోంచి ఆవిరిలో కలుస్తుంది. నడిపినంతసేపూ చుక్కకు చుక్క మారకం జరుగుతూనే ఉంటుంది. పరుగు ముగిశాక గిన్నె తెరిస్తే నూనె ఉండాల్సిన చోట నీళ్లుంటాయి.

ఇంత శ్రమపడి మండించిన బొగ్గులో పనిగా మారేది చాలా స్వల్పం. ఎవరి ఇంజన్ ఎంత పొదుపో తేల్చడానికి 1969 నుంచి బ్రిటన్‌లో ఏటా పోటీ జరుగుతోంది. బొగ్గును తూచి ఇస్తారు, లాగిన బలాన్ని కొలిచే బండిని వెనక తగిలిస్తారు, అరగంట నడిపిస్తారు. వేడిలో నూటికి రెండు పాళ్లు పనిగా మారినా గొప్ప ఫలితమే. ఆ రెండు పాళ్లలో పావు పాలు పెంచడానికి జీవితమంతా వెచ్చించినవాళ్లున్నారు.

లేత్ పట్టలేనివాళ్లకు కూడా దారులు తెరుచుకున్నాయి. జపాన్‌కు చెందిన ఆస్టర్ కంపెనీ 1975లో ఒకటో గేజ్ ఆవిరి ఇంజన్లతో బజారులోకి వచ్చింది. మరలు బిగించుకుంటే చాలు ఇంజన్ తయారయ్యే పెట్టెలూ అమ్మింది. ఇంగ్లండ్‌లో మామోడ్ చౌక ఇంజన్లు ఎందరికో తొలి నిప్పు పరిచయం చేశాయి. హార్న్‌బీ కంపెనీ 2003లో ఇంకా సాహసించి, పదహారున్నర మిల్లీమీటర్ల పట్టాల మీద నిజం ఆవిరితో నడిచే మల్లార్డ్ ఇంజన్‌ను విడుదల చేసింది. అంత చిన్నదాంట్లో మంటకు చోటులేదు కనుక పట్టాల కరెంటుతో నీళ్లు కాగించారు. చేతిలో ఇమిడే ఆ ఇంజన్ ఒక అద్భుతమే, కానీ నిప్పులేని ఆవిరి బండిలో సగం ఆనందం పోతుంది.

పాత ఇంజన్ల సేకరణకు వేరే చదువు కావాలి. అడుగున జి.బి.ఎన్. అనే అక్షరాలుంటే అది బింగ్ సోదరుల పాతకాలపు సరుకు, బి.డబ్ల్యు. అని ఉంటే మొదటి యుద్ధం తర్వాతిది. స్పిరిట్ మంటకు పక్కల రంగు మాడి పొంగి ఉండటం సహజం. అది నడిచిన ఇంజన్ అనడానికి గుర్తు. కొత్తగా రంగు వేయించి మెరిపిస్తే సేకర్తల కళ్లలో దాని విలువ పడిపోతుంది. 1930ల తర్వాతి జింకు పోత చక్రాలు కొన్ని లోపల్లోపలే పగిలి పొడి అవుతాయి. పాత బర్నర్ల దగ్గర, బాయిలర్ చుట్టూ ఆస్బెస్టాస్ ఉండవచ్చు, దాన్ని గోళ్లతో గీకకూడదు.

అసలు ప్రమాదం బాయిలర్లో ఉంది. పాత బొమ్మల్లో అతుకులు సీసం, తగరం కలిపిన టంకంతో వేసినవి. ఆ టంకం దాదాపు రెండొందల డిగ్రీల దగ్గర కరుగుతుంది. లోపల నీళ్లున్నంతసేపూ భయం లేదు, నీళ్లింకిన మరుక్షణం అతుకు జారుతుంది. అందుకే చెప్పుకోదగ్గ ఇంజన్లన్నిటికీ రాగి బాయిలర్లు, ఆరేడు వందల డిగ్రీలకుగాని కరగని వెండి టంకం వాడతారు. బ్రిటన్‌లోని నమూనా ఇంజన్ల క్లబ్బుల్లో కొత్త బాయిలర్‌ను ముందు చల్లటి నీళ్లతో నింపి, నడిపే ఒత్తిడికి రెట్టింపు ఒత్తిడి పెట్టి చూస్తారు. ఆవిరి చోట నీళ్లెందుకంటే, నీళ్లు ఆవిరిలా వ్యాకోచించవు; ఒకవేళ బాయిలర్ పగిలినా చుక్క కారి ఊరుకుంటుంది, పేలదు. తర్వాత నిజంగా ఆవిరి ఎక్కించి, నిప్పును ఎంత రాజేసినా సేఫ్టీ వాల్వ్ ఒత్తిడిని పది శాతం మించనివ్వడం లేదని రూఢి చేసుకుంటారు. అప్పుడే సర్టిఫికెట్. అది లేని ఇంజన్‌ను క్లబ్బు పట్టాల మీద పెట్టనివ్వరు.

తాతల కాలంలో విదేశాలనుంచి వచ్చిన ఇత్తడి ఇంజన్ ఏదైనా ఇంట్లో అటక మీద ఉంటే, దాన్ని చింతపండుతో తోమవద్దు, కొత్త రంగు పూయించవద్దు. మెత్తటి గుడ్డతో దుమ్ము తుడిచి, అడుగున ఉన్న అక్షరాలు చూసి రాసి పెట్టుకోండి. బాయిలర్ల సంగతి తెలిసినవారు నీటి ఒత్తిడితో పరీక్షించి సరేననేదాకా మాత్రం దాంట్లో నీళ్లు పోసి నిప్పు పెట్టవద్దు.